చెత్తబండి ఇంగ్లీషు పాట

మా సందులో ఆడవాళ్లెవరికీ ఆ పాట పేరు తెలియదు. పాడినవాళ్లెవరో తెలియదు. మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ అందులో గిటారు ఎక్కడ మొదలవుతుందో, డ్రమ్ములు ఎక్కడ పడతాయో, ఆ మనిషి గొంతు చించుకుని ఎక్కడ అరుస్తాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. ఎందుకంటే అది మా చెత్తబండి పాట.

నరసరావుపేటలో తక్కిన చెత్తబండ్లన్నీ శుభ్రత గురించి తెలుగులో పాడుకుంటూ తిరుగుతాయి. మా బండికి మాత్రం ఇంగ్లీషు పాట రావడానికి కారణం మా పక్కింటి జుబేదా భర్త నూర్ మొహమ్మద్. ఆయన పల్నాడు రోడ్డులో మైకు సెట్లు బాగుచేస్తాడు. మా బండి నడిపే ప్రిస్కిల్లా స్పీకరు పోతే ఆయన దగ్గరికే తీసుకెళ్లింది. బాగుచేశాక పరీక్షించడానికని కొట్లో పడి ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టాడు. ఎప్పుడో పిడుగురాళ్ల లారీ డ్రైవరొకడు అక్కడ మర్చిపోయిన పెన్‌డ్రైవ్ అది. అందులో ఉన్నది ఒక్కటే పాట. ఆ డ్రమ్ములకి తట్టుకున్న స్పీకరు దేనికైనా తట్టుకుంటుందని ఆయన సిద్ధాంతం. స్పీకరు తట్టుకుంది. ఆయన పెన్‌డ్రైవ్ తీయడం మర్చిపోయాడు.

పైవాళ్లు కొత్త పాట పెట్టారని ప్రిస్కిల్లా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం. మా ఎదురింటి కోటమ్మ పిన్ని ఇంకో అడుగు ముందుకు వేసింది. ఢిల్లీ నుంచి వచ్చిన పాట కాబట్టి ఇంగ్లీషులో ఉందనీ, తడి చెత్త, పొడి చెత్త సంగతే చెబుతున్నారనీ, చివర్లో ఆ అరుపు రెండూ కలిపేసి ఇచ్చేవాళ్ల మీద కోపమనీ మాకందరికీ అర్థం చెప్పింది. ఆ తర్వాత మా సందులో ఎవరూ రెండు చెత్తలూ కలపలేదు.

ప్రిస్కిల్లా సందు మొదట్లో టీకొట్టు దగ్గర బండి ఆపి, టీ తాగి, మళ్లీ స్టార్ట్ చేసేది. బండితోపాటే పాట కూడా మొదటి నుంచి అందుకునేది. అందుకని పాటలో ఏ ముక్క ఏ గుమ్మం ముందు పడాలో రోజూ ఆ గుమ్మం ముందే పడేది. మొదట గిటారు ఒక్కటే, తొందరేమీ లేనట్టు, మేడ మీద ఎవరో ఖాళీ నీళ్ల ట్యాంకు మీద వేళ్లతో వాయించుకుంటున్నట్టు వినిపిస్తుంది. బండి టీకొట్టు దాటిందన్నమాట, పొయ్యి మీద పాలు దించుకోవచ్చు. తర్వాత జలుబు చేసిన మనిషి తన కష్టం తనకే చెప్పుకుంటున్నట్టు ఒక గొంతు. అది జుబేదా గుమ్మం. డ్రమ్ములు పడ్డాయంటే మా గేటు. చేతిలో ఏమున్నా వదిలేసి పరిగెత్తాలి. డ్రమ్ములు ఆగిపోయి గిటారు ఒంటరిగా ఏడుపు అందుకుంటే అది కోటమ్మ పిన్ని ఇల్లు. ఆఖరి అరుపుకి బండి సందు చివర వెనక్కి తిరుగుతూ ఉంటుంది. అప్పుడు లేచొచ్చినవాళ్లు బకెట్ పట్టుకుని వచ్చిన దారినే లోపలికి పోవలసిందే.

మేము గడియారం చూడడం మానేశాం. డ్రమ్ములు పడేలోపల టిఫిను పెట్టమని మా వారు అనేవారు. ఏడుపు దాటిందంటే స్కూలు బస్సు అందదని పిల్లలకి తెలుసు.

ఆ పాట గిట్టనిది మా సందులో ఒక్క మనిషికే, కోటమ్మ పిన్ని భర్త వెంకటప్పయ్య బాబాయికి. ఆయన ఆర్టీసీలో, మాచర్ల డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగి ఉందో ఏళ్ల తరబడి మైకులో చెప్పిన గొంతు ఆయనది. మైకన్నాక చెప్పింది అర్థం కావాలని ఆయన పట్టు.

"పన్ను పీకేటప్పుడు అరిచినట్టు ఆ అరుపేందమ్మా?" అనేవాడు నాతో. "మేం అట్టా అరిచుంటే గురజాల పోయేవాళ్లు వినుకొండ బస్సెక్కేవాళ్లు."

ఆ పాట సాగినంతసేపూ మేడ దిగనని ఆయన మొండికేసేవాడు. పొడి చెత్త బకెట్ ఉండేదేమో మేడ మీద. దాంతో రోజూ సరిగ్గా గిటారు ఏడుస్తున్నప్పుడు పిన్ని గేటు దగ్గర నిలబడి బకెట్ కోసం కేకేసేది. వినీ వినీ ఆ కేక కూడా పాటలోదే అన్నట్టు అలవాటైపోయింది మాకు.

అట్లా హాయిగా సాగిపోతున్న రోజుల్లో ఒకనాడు పాట మారిపోయింది. ఎవరో ఫిర్యాదు చేశారట. చెత్తబండ్ల కాంట్రాక్టు వాళ్ల సూపర్‌వైజరు త్రికోటేశ్వరరావు వచ్చి, పెన్‌డ్రైవ్ తీసుకుని, ఇంగ్లీషు పాట చెరిపేసి, ఊరందరి పాటే మా బండికీ ఎక్కించాడు.

కొత్త పాటలో తప్పేమీ లేదు. మంచి మాటలే. కష్టమల్లా అది అందరి పాట కావడం. వెనక వీధి బండిదీ అదే పాట, పక్క సందు బండిదీ అదే పాట. పొద్దున లేచిన దగ్గర్నుంచి నాలుగు వైపుల నుంచీ వినిపిస్తూనే ఉండేది. నేను తాలింపు వదిలేసి గేటు దగ్గరికి పరిగెత్తేసరికి అది వెనక వీధిది. జుబేదా తలకి నూనె పెట్టుకుంటూ అట్లాగే వచ్చి నిలబడితే అది పక్క సందుది. బకెట్లు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి పోయేవాళ్లం. ఇట్లా కొన్నాళ్లు అయ్యాక పాటని నమ్మడం మానేశాం. మేము నమ్మడం మానేశాక బండి నిజంగానే వచ్చి వెళ్లిపోయేది.

గేట్ల దగ్గర సంచులు పేరుకున్నాయి. కుక్కలు వాటిని విప్పి, ఎవరింట్లో ఏం వండుకున్నారో సందంతా పరిచి చూపించాయి. చికెన్ తినడం మానేశామని చెప్పుకున్న ఇళ్ల సంగతి కూడా బయటపడింది.

ఇంత గందరగోళంలోనూ ఒక్క కోటమ్మ పిన్ని మాత్రం సంతోషంగా ఉంది. బాబాయికి ఉన్నట్టుండి భక్తి కలిగిందట. సాయంత్రం కాగానే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మేడ మీద ప్రవచనం వింటున్నాడట. కళ్లు మూసుకుని తల ఊపుతాడట, పిట్టగోడ మీద వేళ్లతో తాళం కూడా వేస్తాడట. కోటప్పకొండ స్వామి ఇన్నాళ్లకి చల్లగా చూశాడని చెప్పి, మాకు తలా ఒక కొబ్బరి చెక్క పంచింది.

ఒక మధ్యాహ్నం ప్రిస్కిల్లా వచ్చి మా అరుగు మీద కూర్చుంది. చెత్త వేసిన ప్రతి ఇంటి గేటుకీ అతికించిన కోడ్‌ని ఆమె తన ఫోనులో స్కాన్ చేయాలి. మా సందులో స్కాన్లు సగానికి పడిపోయాయి. ఇల్లిల్లూ తిరక్కుండా బండిని టీకొట్టు దగ్గర నిలబెడుతున్నావని సూపర్‌వైజరు అన్నాడట. బండి ఇంకొకరికి ఇస్తానన్నాడట.

"సోమవారం నుంచి మళ్లీ మురుగు కాలవల పనిలోకి దిగమన్నాడు ఇంద్రజక్కా," అంది. "కాలవలోనించి బయటకి రావాలనే గదా బండి నేర్చుకుంది."

ఆమె ఏడవలేదు. నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లింది. ఇంతకాలం ఆమె కోసం కాక పాట కోసం బాధపడుతున్నందుకు నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే నేనూ జుబేదా, పాట సంపాదించి తీరాలని అనుకున్నాం.

నూర్ మొహమ్మద్‌కి పాట పేరు తెలియదు. ఆ లారీ డ్రైవరు ఏ ఊరివాడో కూడా తెలియదు. గుంటూరులో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది, రాగం తీసి వినిపిస్తే ఫోనే పాట పేరు చెబుతుందని. జుబేదా నోటితో గిటారు అందుకుంది. నేను స్టీలు బిందె బోర్లించి డ్రమ్ములు వాయించాను. ఫోను ఒకసారి అది జోలపాట అంది. ఒకసారి పంజాబీ పెళ్లిపాట అంది. చివరి అరుపు కూడా కలిపి ఇద్దరం గట్టిగా వినిపిస్తే అంబులెన్సు శబ్దాలు చూపించింది. మా వారు లోపల నుంచి వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

ఇక లాభం లేదని మర్నాడు కోటమ్మ పిన్నిని ముందు పెట్టుకుని సూపర్‌వైజరు ఆఫీసుకి వెళ్లాం. చెత్త తగ్గింది పాట మారినందుకే గానీ ప్రిస్కిల్లా తప్పు కాదని చెప్పి, మా పాట మాకు ఇవ్వమన్నాం. త్రికోటేశ్వరరావు మంచివాడే, కాకపోతే అలసిపోయిన మనిషి. చెరిపేశానమ్మా, అసలు ఏ పాటో చెబితే చూస్తానన్నాడు. ఏ పాటంటే ఏం చెబుతాం? ముగ్గురం బెంచీ మీద కూర్చునే వినిపించాం. జుబేదా గిటారు, నేను ఆయన బల్ల మీద డ్రమ్ములు, జలుబు గొంతు కోటమ్మ పిన్ని. ఆ ఏడుపు దగ్గరికి వచ్చేసరికి పక్క గదిలో గుమాస్తాలు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పాట పూర్తయ్యేదాకా త్రికోటేశ్వరరావు పెన్ను కింద పెట్టి విన్నాడు. ఇది పాటే అయితే దీని మీద ఫిర్యాదు వచ్చిందంటే ఆశ్చర్యం లేదన్నాడు.

"ఆ ఫిర్యాదు చేసినోడి పేరు చెప్పు నాయనా," అంది పిన్ని. "ఊరి చెత్తంతా వాడి గుమ్మంలో పోయిస్తా."

పేరు చెప్పడానికి రూలు ఒప్పుకోదన్నాడు ఆయన. చెప్పకూడనిది చెప్పనన్న ధీమాతో తక్కినదంతా చెప్పేశాడు.

"ఆ పెద్దాయన ఆధారం కూడా పంపాడమ్మా, పాటంతా రికార్డు చేసి. దాన్నీ చెరిపేశాలే. వినలేకపోయా. ఆ గోల చాలదన్నట్టు మధ్యలో ఎవరో ఆడమనిషి. ఏమయ్యో, పొడి చెత్త బకెట్ తే, చెవుడా అని ఒకటే కేకలు."

జుబేదా కిటికీ వైపు చూసింది. నేను బల్ల మీద నుంచి చేతులు తీసేశాను. పిన్ని పమిట చెంగు బొడ్లో దోపుకుని లేచి, పదండే అంది.

వెళ్తుంటే త్రికోటేశ్వరరావు వెనక నుంచి రెండు షరతులు చెప్పాడు. ఫిర్యాదు చేసిన మనిషి వచ్చి దాన్ని వెనక్కి తీసుకోవాలి. పాట మేమే తెచ్చుకోవాలి. అది ఆదివారంలోపు జరిగితే ప్రిస్కిల్లా బండి ప్రిస్కిల్లాదే.

మేము మేడ ఎక్కేసరికి బాబాయి పిట్టగోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, ప్రవచనం వింటున్నాడు. వేళ్లు గోడ మీద తాళం వేస్తున్నాయి. ఆ తాళం నాకు తెలుసు. స్టీలు బిందె మీద అంతకుముందు రోజే వాయించాను. పిన్ని వెళ్లి ఆయన చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ లాగి తన చెవిలో పెట్టుకుంది. కాసేపు విన్నది.

"ఈ ప్రవచనంలో నేను అరుస్తన్నా గదయ్యా," అంది.

బాబాయి కళ్లు తెరిచి మా ముగ్గుర్నీ చూశాడు. కంట్రోలరు గొంతు తెచ్చుకున్నాడు.

"కంప్లైంటు ఇచ్చినోడు ఫాలో అప్ చేసుకోవద్దా?"

"పాట తీసేసి నెల దాటింది. ఇంకా ఏం ఫాలో అప్పు?"

బాబాయి ఇయర్‌ఫోన్ తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత మాతో కాక తీగతో చెబుతున్నట్టు చెప్పాడు. రోజూ తిట్టుకుంటూ సగమే వినేవాడట. ఆధారం కావాలన్నారని రికార్డు చేసిన రోజే మొదటిసారి మొత్తం విన్నాడట.

"ఆ డ్రమ్ములాగిపోయి గిటారొక్కటే మిగులుద్ది చూడండి. మాచర్లలో ఆఖరి బస్సు పంపించి, మైకు కట్టేసినాక స్టాండు అట్టానే ఉండేది. అప్పటిదాకా అంత గోలా. తర్వాత నేనొక్కణ్ణే."

"అంత నచ్చినోడివి ఫిర్యాదెందుకు పంపావు?"

"పంపినాకే నచ్చింది," అన్నాడు బాబాయి.

పిన్నికి తిట్టడానికి మాట దొరకలేదు. ఆమెని అట్లా చూడడం నాకు అదే మొదటిసారి. ప్రిస్కిల్లా సంగతి నేను చెప్పాను. పాట పోవడం ఆయనకి తెలుసు గానీ, దాంతోపాటు ఆమె బండి పోతుందని తెలియదు. ఫోను జేబులో పెట్టుకుని మాకంటే ముందు మెట్లు దిగాడు.

జుబేదా ఇంట్లో నూర్ మొహమ్మద్ ఆ రికార్డుని కంప్యూటర్లోకి ఎక్కించి పెద్ద స్పీకరు పెట్టాడు. కబురు తెలిసి ప్రిస్కిల్లా కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. స్పీకరులోంచి గిటారు మొదలైంది. దాని మీద, బస్టాండులో మోగినట్టు, ఒక గొంతు:

"దయచేసి గమనించగలరు. మా సందులో ప్రతిరోజూ ఉదయం జరుగుచున్న అఘాయిత్యం ఇది. ఫిర్యాదుదారు వెంకటప్పయ్య, రిటైర్డ్ కంట్రోలర్, మాచర్ల డిపో. వినగలరు."

ఆ తర్వాత జలుబు గొంతు అందుకుంది. ప్రిస్కిల్లా బాబాయి వైపు చూసి తల దించుకుంది. తప్పు చేసిన మనిషి తనే అయినట్టు.

ఆ ముక్క కత్తిరించమన్నాడు బాబాయి, మెల్లగా. నూర్ మొహమ్మద్ రెండు మూడు రకాలుగా ప్రయత్నించి పెదవి విరిచాడు. మాట గిటారు మీద పడిపోయింది. మాట తీస్తే గిటారు పోతుంది. గిటారు పోతే బండి టీకొట్టు దాటిన సంగతి తెలియదు, అందరి పాలూ పొంగిపోతాయి.

"మొదలు లేకపోయినా పర్లేదులే అన్నా," అంది ప్రిస్కిల్లా. "నా బండి కోసం పెద్దాయన పేరు సందులో మోగటమేంది. కత్తిరించండి."

పిన్నికి అప్పటికి గొంతు వచ్చింది. "నా కేక మాత్రం ఊరేగాల, ఈయన పేరు మాత్రం దాచిపెట్టాలా?"

బాబాయి స్పీకరు వంక చూశాడు. రోజూ పొద్దున్నే, అందరి గుమ్మాల ముందూ, తన నోటితో తనే ఒప్పుకోవడం. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఉండనీయ్ నూర్. బస్సుని ఆపినోడే మళ్లీ బయల్దేరదీయాల. అది కంట్రోలరు డ్యూటీ."

మర్నాడు ఆయనే త్రికోటేశ్వరరావు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. కారణం అడిగితే, విచారణలో పాట బాగున్నట్టు తేలిందన్నాడట. టీకొట్టు దాకా ఊరి పాట, సందులో మా పాట అని ఒప్పందమైంది.

సోమవారం పొద్దున గిటారు వినపడగానే సందులో గేట్లన్నీ తెరుచుకున్నాయి. బాబాయి గొంతు "దయచేసి గమనించగలరు" అనగానే నేను పాలు దించాను. ఫిర్యాదు చేసిందెవరో సందులో అందరికీ తెలిసిపోయింది. నవ్వుకోవడానికి మాత్రం తీరిక లేదు, డ్రమ్ములు దగ్గర పడుతున్నాయి. ప్రిస్కిల్లా ప్రతి గేటు దగ్గరా ఆగి కోడ్ స్కాన్ చేస్తూ, ఏడుపు ముక్క దగ్గరికి వచ్చేసరికి స్టీరింగు మీద వేలితో తాళం వేస్తోంది.

కొన్నాళ్లకి మా అమ్మాయి సెలవులకి వచ్చి, బండి పాట విని, రెండు నిమిషాల్లో అదేమిటో కనిపెట్టింది. అది తను పుట్టడానికి చాలా ముందటిదట, నేను కూడా పుట్టక ముందటిదట. పాడిన గుంపులో కొందరు పోయారట, మిగిలిన ముసలివాళ్లు ఇంకా అదే పాడుతున్నారట, జనం ఇంకా వేలకి వేలు వచ్చి వింటున్నారట.

"అంతమంది వస్తన్నారంటే వాళ్ల ఊళ్లో బండి టయానికి వస్తన్నట్టే," అంది కోటమ్మ పిన్ని.

అమ్మాయి దాని శుభ్రమైన కాపీ తెచ్చి ఇచ్చింది. బాబాయి గొంతు, పిన్ని కేక, కుక్కల మొరుగుళ్లు ఏవీ లేనిది. అందరికంటే ముందు బాబాయే సంతోషించి, దాన్నే పెట్టమన్నాడు. మర్నాడు ప్రిస్కిల్లా అదే పెట్టింది. జుబేదా అది ఎవరి బండో అనుకుని బయటికే రాలేదు. నా పాలు పొంగిపోయాయి. పిన్ని గుమ్మం దగ్గర గిటారు అంత చక్కగా ఏడుస్తుంటే, ఏదో కావలసింది మధ్యలో ఊడిపోయినట్టుంది. బండి వెళ్లిపోయాక గేట్ల దగ్గర నిలబడి అందరం అదే మాట అనుకున్నాం. బాబాయి మాత్రం టీకొట్టు దాకా నడిచి వెళ్లాడు.

ఆ మర్నాడు పాత రికార్డే మోగింది. ఎవరు మార్చమన్నారని అడిగితే ప్రిస్కిల్లా నవ్వి, కంట్రోలరు గారి ఆర్డరు అంది.

ఇప్పుడు బాబాయి గిటారు మొదలుకాక ముందే మేడ దిగి, రెండు బకెట్లూ పట్టుకుని గేటు దగ్గర సిద్ధంగా ఉంటాడు. పిన్ని వంటింట్లోంచి బయటికి రావలసిన పనే లేదు. డ్రమ్ములు ఆగిపోతాయి, గిటారు ఒంటరిగా అందుకుంటుంది, బాబాయి కళ్లు మూసుకుంటాడు. సరిగ్గా అప్పుడే బండిలోంచి వస్తుంది కేక:

"ఏమయ్యో, పొడి చెత్త బకెట్ తే, చెవుడా?"

"తెచ్చానే," అంటాడు బాబాయి, కళ్లు తెరవకుండానే, బండితో.